శనివారం పొద్దున బిస్కట్లు, గ్రేవీ

నాకు ప్రాణమైన టిఫిన్ ఏదంటే ఈ రోజుకీ రెండు పేర్లు చెప్తాను. ఒకటి తెనాలిలో మా అమ్మ వేసే అల్లం పెసరట్టు. రెండోది అమెరికాలో, టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ శనివారం పొద్దున్నే చేసే బిస్కట్లు, గ్రేవీ. మొదటిదాని గురించి మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రెండోదాని గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

ఈ బిస్కట్లు టీలో ముంచుకునేవి కావు. అరచేతిలో పట్టేంత గుండ్రంగా, రెండు అంగుళాల ఎత్తు పొంగి, పైన లేత గోధుమరంగులో, పక్కలు తెల్లగా, వేళ్లతో విప్పితే పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి రొట్టెలు. కాస్త ఉప్పగా ఉంటాయి, తీపి ఉండదు. ఈస్ట్ వెయ్యరు, పిండి పులియబెట్టరు. కలపడం మొదలుపెట్టిన అరగంటలో పళ్లెంలోకి వచ్చేస్తాయి. ఇక గ్రేవీ అంటే, పంది మాంసం సాసేజ్‌ని, అంటే మసాలా కలిపిన కీమాని, ఇనుప పెనంలో వేయించి, అది వదిలిన కొవ్వులోనే పిండి వేయించి, పాలు పోసి, మిరియాల పొడి దండిగా వేసి చిక్కగా ఉడికిస్తారు. బిస్కట్‌ని రెండు చెక్కలుగా విడదీసి పళ్లెంలో పరిచి, పైన ఆ తెల్లటి గ్రేవీ మునిగేలా పోసుకుని ఫోర్క్‌తో తింటారు. అది తిని పొలానికి వెళ్లినవాడికి మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు.

నేను 2004 ఆగస్టులో యూనివర్సిటీ ఆఫ్ టెనెసీలో ఎమ్మెస్ చెయ్యడానికి వెళ్లాను. మొదటి ఏడాది క్యాంపస్ పక్కనే ఫోర్ట్ శాండర్స్‌లో, మన అమ్మాయిలతో కలిసి ఒక పాత చెక్క ఇంట్లో ఉన్నాను. తర్వాత వాళ్లకి ఉద్యోగాలొచ్చి తలో ఊరికీ వెళ్లిపోయారు. ఒంటరిగా ఆ అద్దె కట్టలేక టెన్షన్ పడుతుంటే, మా డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకావిడ, "మా పెద్దమ్మ నది అవతల ఒక్కతే ఉంటుంది, మేడ మీద గది ఖాళీ, వెళ్లి చూడు" అంది. టెనెసీ నది దాటితే సౌత్ నాక్స్‌విల్. గుట్టల మీద ఇళ్లు, ఇంటి వెనక చెట్లు, బస్సు ఎప్పుడో ఒకటి. చూసిన రోజే ఒప్పేసుకున్నాను.

ఆవిడకి అప్పటికే డెబ్బై దాటాయి. పొట్టిగా, సన్నగా ఉండేది. భర్త పక్క కౌంటీలో, ఆల్కోవా ఊళ్లోని అల్యూమినియం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, నేను వెళ్లడానికి ముందే పోయాడు. తూర్పు టెనెసీ కొండల్లో అమ్మమ్మనీ నాయనమ్మనీ మ్యామా అంటారు. ఆవిడ మనవలు అలాగే పిలిచేవారు. నేను మొదట్లో "యెస్ మ్యామ్, నో మ్యామ్" అనేదాన్ని. అక్కడ పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి అది, చిన్నపిల్లలకి కూడా అలాగే నేర్పుతారు. క్రిస్మస్ నాటికి నేనూ మ్యామా అనేశాను. ఆవిడకి నా పేరు పలకడం రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. చివరిదాకా నన్ను "హనీ" అనే పిలిచింది.

అద్దె ఒప్పందంలో టిఫిన్ లేదు. కానీ శనివారం పొద్దున ఓవెన్ వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చేది, దాని వెనకే ఆవిడ పిలుపు వచ్చేది. మా ఇంట్లో కోడి, చేప, మేక వరకే. పంది మాంసం గడప దాటి లోపలికి రాలేదు. ఆ సంగతి మొదటి శనివారమే మొహమాటపడుతూ చెప్పాను. "అయితే నీకు వెన్నతో చేస్తాలే హనీ, పాలున్నాయి, పిండుంది" అని చిన్న పెనం వేరే పొయ్యి మీద పెట్టేసింది. ఎందుకు తినరు, ఏ దేవుడు వద్దన్నాడు లాంటి ప్రశ్నలు ఒక్కటి కూడా అడగలేదు. చాలా నెలలు నేను ఆ వెన్న గ్రేవీయే తిన్నాను. తర్వాత ఒక చలికాలం పొద్దున నేనే అడిగి పెద్ద పెనంలోంచి ఒక గరిటె వేయించుకున్నాను. అక్కడి సాసేజ్‌లో సేజ్ ఆకు వేస్తారు. ఆ ఆకు ఘాటు, ఎండుమిరప కారం, మిరియాలు కలిసి పాలల్లోకి దిగిన రుచి నాకు వెంటనే పట్టేసింది. కానీ శాకాహారులకి ఒక మాట చెప్పాలి. వెన్న గ్రేవీ దానికి ఏమాత్రం తీసిపోదు. పాలల్లో ఉడికిన పిండికి మిరియాల ఘాటు తగిలితే చాలు, అది కమ్మటి వంటే.

ఇక బిస్కట్లు. ఆవిడ దగ్గర పోప్లర్ చెక్కని కోలగా తొలిచి చేసిన బేసిన ఒకటి ఉండేది. అంచులు వాడి వాడి నున్నగా అరిగిపోయాయి. అందులో ఎప్పుడూ సగానికి పైగా పిండి ఉండేది. మీద తెల్లటి గుడ్డ కప్పి అల్మారాలో పెట్టేది. శనివారం పొద్దున ముందు ఓవెన్ వెలిగించి, ఆ తర్వాతే బేసిన కిందకి దించేది. పిండి మధ్యలో పిడికిలితో గుంట చేసేది. మూడు వేళ్లతో పంది కొవ్వు తీసి ఆ గుంటలో వేసి, చుట్టుపక్కల పిండిని దాని మీదకి లాగుతూ వేళ్ల కొసలతో నలిపేది. అరచెయ్యి తగలనిచ్చేది కాదు. అరచెయ్యి వేడిగా ఉంటుంది, కొవ్వు కరిగిపోతుంది. బఠాణీ గింజలంత ముక్కలు కాగానే ఆపేది. నేను నలుపుతుంటే పక్కనే నిలబడి, సరిగ్గా అక్కడికి రాగానే నా మణికట్టు పట్టుకుని ఆపేది.

తర్వాత బటర్‌మిల్క్. అది మనం దాహానికి తాగే మజ్జిగలా పలచగా ఉండదు. తోడుపెట్టి చేసిన చిక్కటి పుల్లటి పాలు. గడ్డ పెరుగులో కాసిని నీళ్లు కలిపి చిలికితే దాని దగ్గరికి వస్తుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసి చల్లగా గుంటలో పోసి, చెయ్యి పెట్టి గుండ్రంగా తిప్పేది. తిప్పుతున్నకొద్దీ గుంట గోడల్లోంచి పిండి రాలి వచ్చి తడిలో కలిసేది. ముద్ద ఎంత పిండి అడిగితే అంతే వచ్చేది, మిగిలినది పొడిపొడిగా గోడల్లోనే ఉండిపోయేది. కప్పులూ చెంచాలూ ఎందుకు అక్కర్లేదో ఆ బేసిన చూశాకే నాకు అర్థమైంది. ముద్ద ఇంకా చేతికి అంటుకుంటుండగానే పైకి తీసేసి, బేసినలో మిగిలిన పిండిని జల్లించి, ఉండలు పారేసి, మళ్లీ గుడ్డ కప్పేది. వచ్చే వారానికి అది సిద్ధం.

ముద్దని పిసకకూడదు. పిండి చల్లిన బల్ల మీద చేత్తో తట్టి, మడిచి, మళ్లీ తట్టి, ముప్పావు అంగుళం మందాన వదిలేది. అప్పడాల కర్ర ఉన్నా తియ్యలేదు. కొయ్యడానికి రెండు వైపులా మూతలు తీసేసిన చిన్న రేకు డబ్బా ఒకటి ఉండేది. దాన్ని నిట్టనిలువుగా కిందకి నొక్కి అలాగే పైకి తియ్యాలి. మెలి తిప్పితే అంచులు మూసుకుపోయి బిస్కట్ ఒక పక్కకి వాలిపోతుంది. కోసినవాటిని కొవ్వు రాసిన ఇనుప పెనంలో ఒకదానికొకటి ఆనించి పేర్చేది. అలా ఆనించి పెడితే పక్కలకి వ్యాపించే వీలు లేక పైకి లేస్తాయి, అంచులు గట్టిపడవు. 475 ఫారెన్‌హీట్, అంటే సుమారు 245 సెంటిగ్రేడ్ వేడిలో పన్నెండు నిమిషాలు. అంత వేడి ఎందుకంటే, పిండిలో ఉన్న కొవ్వు ముక్కలు కరిగి కారిపోయేలోపు తేమ ఆవిరై పొరల్ని పైకి లేపెయ్యాలి. బటర్‌మిల్క్ పులుపూ, పిండిలో ఉన్న సోడా కలిసి గ్యాస్ పుట్టించడం ఒక పక్క, ఈ ఆవిరి ఇంకో పక్క.

మా అమ్మ నా గ్రాడ్యుయేషన్‌కి వచ్చినప్పుడు ఇదంతా కౌంటర్ పక్కన నిలబడి చూసింది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, మ్యామా యాస నాకే ఏడాది పట్టింది అర్థం కావడానికి. కానీ కొవ్వు పిండిలో నలుపుతున్నప్పుడు అమ్మ ముందుకి వంగి, ఆ పిండి కొంచెం తీసి పిడికిట్లో బిగించి చూసింది. ముద్ద నిలబడింది, వేలితో తాకితే విడిపోయింది. "గవ్వలకి కూడా ఇంతే కదే, వేడి నెయ్యి పోసి పిడికిలి పట్టి చూస్తాం" అంది నాతో. నేను ఆ మాట మ్యామాకి చెప్పాను. దాంతో ఆవిడ ఓవెన్ సంగతి మర్చిపోయి గవ్వలు ఎలా చేస్తారో అడగడం మొదలుపెట్టింది. నెయ్యి ఎందుకు వేడిగా పొయ్యాలి, మా కొవ్వు చల్లగా ఎందుకుండాలి అని. అమ్మ చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. గవ్వ కరకరలాడాలి, కాబట్టి నెయ్యి పిండంతా సమానంగా పట్టాలి. మీది పొరలు విడాలి, కాబట్టి కొవ్వు అక్కడక్కడ ముక్కలుగా మిగలాలి. బీఎస్సీ చదివిన నాకు తట్టని సంగతి అమ్మ చూడగానే చెప్పేసింది. మర్నాడు మ్యామా వంటింట్లో గవ్వలు వేశారు ఇద్దరూ. దువ్వెన లేకపోతే ఫోర్క్ వెనక్కి తిప్పి గీతలు పెట్టారు.

పిండి గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. అమెరికా ఉత్తరాన, పడమటి మైదానాల్లో పండేది ఎక్కువగా గట్టి గోధుమ. అందులో ప్రోటీన్ ఎక్కువ, సాగుతుంది, పావురొట్టెకి బాగుంటుంది. దక్షిణాది నేలలో చలికాలం పంటగా వేసేది మెత్తటి ఎర్ర గోధుమ. రొట్టె పిండిలో ప్రోటీన్ 12 శాతం దాకా ఉంటే, ఈ మెత్తటి గోధుమ పిండిలో 8, 9 శాతమే. సాగదు కాబట్టి బిస్కట్ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. దక్షిణాదిలో బిస్కట్లు అంత బాగా కుదరడానికి చేతి మహిమ ఎంతో, నేల మహిమ కూడా అంతే. సోడా, బేకింగ్ పౌడర్ రాకముందు, అంటే పందొమ్మిదో శతాబ్దం సగం దాకా, అక్కడ బిస్కట్ పిండిని మొద్దు మీద వేసి కర్రతో అరగంట, ముప్పావుగంట బాదేవారట. ఆ దెబ్బలకి పిండిలోకి గాలి చేరి కాస్త పొంగేది. కలిగినవాళ్ల ఇళ్లలో ఆ బాదే పని బానిసలుగా ఉన్న నల్లవాళ్లది. మనకి దక్షిణాది వంట అని తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్ల చేతుల్లోంచి వచ్చిందే. మ్యామా కూడా ఆ మాట దాచకుండా చెప్పేది.

నాక్స్‌విల్‌కి తన సొంత పిండి ఉండేది, వైట్ లిలీ. జె. అలెన్ స్మిత్ అనే ఆయన 1883లో అక్కడ మొదలుపెట్టాడు. ఊరి నడిబొడ్డున సెంట్రల్ స్ట్రీట్‌లో ఎర్ర ఇటుకల మిల్లు, మీద తెల్ల పువ్వు గుర్తు. ఉప్పు, పొంగించే పొడి ముందే కలిపి అమ్మే రకం మ్యామాది. నాష్‌విల్ నుంచి మార్తా వైట్ అని ఇంకో పిండి వచ్చేది. గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో కచేరీకి దశాబ్దాలపాటు స్పాన్సర్ ఆ పిండే. మ్యామా చెల్లెలు మార్తా వైట్ మనిషి. ఇద్దరూ కలిస్తే ఆ వాదన ఒక పట్టాన తెమిలేది కాదు.

పూర్వం ఈ పిండి గుడ్డ సంచుల్లో వచ్చేది. సంచుల మీద పువ్వులూ చుక్కలూ అచ్చువేసేవారు, ఎందుకంటే ఖాళీ అయ్యాక ఆడవాళ్లు వాటితో గౌన్లు కుట్టేవారని కంపెనీలకి తెలుసు. మ్యామా చిన్నప్పటి స్కూలు గౌన్లన్నీ అవే. బేసిన మీద కప్పే గుడ్డ కూడా వాళ్లమ్మ దాచిన పిండి సంచే. ఉతికి ఉతికి ఒకమూల నీలం పువ్వులు మాత్రం లీలగా కనపడేవి.

వాళ్ల నాన్న టౌన్‌సెండ్‌లో లిటిల్ రివర్ లంబర్ కంపెనీలో పనిచేశాడు. 1901 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఆ కంపెనీ స్మోకీ కొండల్లో చెట్లు కొట్టి, రైలు మీద కిందకి దింపి, మిల్లులో కోసింది. ఆ అడవే తర్వాత గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ అయింది. ఈ తెల్ల గ్రేవీకి అక్కడ 'సామిల్ గ్రేవీ' అనే పేరుంది. కలప కోసే క్యాంపుల్లో కూలీలకి పొద్దున్నే పెట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. వేయించిన కొవ్వు, గుప్పెడు పిండి, పాలు ఉంటే చాలు, ఇరవైమంది మగవాళ్ల కడుపు నిండుతుంది. మ్యామా వాళ్లింట్లో మాత్రం వారమంతా మొక్కజొన్న రొట్టే. మొక్కజొన్న వాళ్ల కొండవాలులో పండేది, గోధుమపిండి డబ్బుపెట్టి కొనాలి. అందుకని బిస్కట్లు ఆదివారానికి. 1930ల ఆర్థిక మాంద్యంలో పాలు కూడా లేని రోజుల్లో నీళ్లతోనే గ్రేవీ చేసేదట వాళ్లమ్మ. "ఆ నీళ్ల గ్రేవీ తిని కూడా బడికి పరుగెత్తేవాళ్లం" అనేది. ఈ టిఫిన్ పేదవాళ్ల వంటింట్లో పుట్టింది. కాస్త మాంసాన్ని ఇంటిల్లిపాదికీ సరిపెట్టడం కోసం పుట్టింది. దాన్ని నేను అంత గౌరవంగా తినడం నేర్చుకున్నది ఈ మాటలు విన్నాకే.

గ్రేవీ దగ్గర ఆవిడ నిలబడే తీరే వేరు. సాసేజ్‌ని పెనంలో వేసి ఫోర్క్‌తో చిదుపుతూ, అడుగున ఎర్రటి మాడు పట్టేదాకా వేయించేది. నూనె ఎక్కువైనా వంపేది కాదు. పిండి చల్లి, కొవ్వంతా పీల్చుకుని పచ్చివాసన పోయేదాకా తిప్పేది. రంగు గోధుమకి తిరగకముందే పాలు. పాలు పడగానే పెనం బుస్సుమనేది, అప్పుడు చెక్క గరిటె అడుగు అంచులతో సహా గోకాలి. రుచంతా ఆ అంటుకున్న దాంట్లో ఉంది. మొదట నీళ్లలా ఉంటుంది, నమ్మకం కలగదు. రెండు నిమిషాలు తిప్పేసరికి గరిటె వెనక గీత పడుతుంది. మిరియాలు ఆఖర్న, దంచినవి, గ్రేవీ మీద నల్లగా కనపడేంత. చేపల పులుసు కారానికి అలవాటుపడ్డ నా నాలుక ఆవిడ మిరియాలకి లొంగిపోయింది.

నెల్లో ఒకసారో రెండుసార్లో తీపి కూడా ఉండేది. వేడి బిస్కట్ విప్పి వెన్న పెట్టి, దాని మీద సోర్ఘమ్ పాకం. తీపి జొన్న కాడల రసం తీసి బెల్లం పాకంలా కాచే సిరప్ అది, శరదృతువులో కొండ ఊళ్లలో కాస్తారు. మనవల పుట్టినరోజులకి చాక్లెట్ గ్రేవీ. కోకో, పంచదార, పిండి, పాలు కలిపి కాచి బిస్కట్ల మీద పోసేది. పిల్లలు పళ్లేలు నాకేసేవారు.

ఇక ఫుట్‌బాల్ సీజన్లో శనివారాలు పండగే. యూనివర్సిటీ వాళ్ల నీలండ్ స్టేడియంలో లక్షమందికి పైగా పడతారు. ఊరంతా జట్టు రంగు, నారింజే. ఆవిడ కొడుకులు, కోడళ్లు, మనవలు ఏడింటికల్లా దిగిపోయేవారు. నేను రెండో పెనంలో బిస్కట్లు పేర్చే పనిమీద ఉండేదాన్ని. పెద్దకొడుకు నా చేతి బిస్కట్టు విప్పి, పొరలు చూసి, "అమ్మా, ఈ అమ్మాయికి వచ్చేసింది" అన్నాడు ఒకసారి. డిగ్రీ చేతికొచ్చిన రోజు కంటే ఆ మాటకి ఎక్కువ సంతోషపడ్డాను.

2008లో నేను ఊళ్లోనే ఉద్యోగంలో ఉన్నాను. ఆ జూన్‌లో నాక్స్‌విల్ మిల్లు మూతపడింది, వైట్ లిలీ పిండి ఆడించడం ఉత్తరాది మిల్లులకి మారింది. నూట పాతికేళ్ల మిల్లు. న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది. ఊళ్లో ఆడవాళ్లు దుకాణాల్లో పాత సంచులు వెతికి కొనుక్కున్నారు. మ్యామా కూడా తన డీప్ ఫ్రీజర్‌లో కూరగాయలన్నీ ఒక పక్కకి నెట్టి పిండి పేర్చింది. ఆ పిండి అయిపోతుందని ఆవిడ పడ్డ బెంగ నాకు తెలుసు. అయినా అది అయిపోయాక కొత్త సంచీ విప్పి, పిండి వేళ్ల మధ్య నలిపి చూసి, బటర్‌మిల్క్ పోసే చెయ్యి కాస్త వెనక్కి తీసింది. వరసగా కొన్ని శనివారాలు అలా కొంచెం కొంచెం మార్చుకుంటూ పోయింది. తర్వాత ఎవరూ తేడా అడగలేదు. ఆ మిల్లు కట్టడంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి.

2011లో పెళ్లై నేను డాలస్ వచ్చేశాను. బయల్దేరేముందు మ్యామా చెప్పింది, "చాటనూగా మీదుగా వెళ్లు హనీ, సౌత్ పిట్స్‌బర్గ్‌లో ఆగి పెనం కొనుక్కో" అని. అక్కడ లాడ్జ్ అనే కంపెనీవాళ్లు 1896 నుంచి పోత ఇనుప పెనాలు చేస్తున్నారు. ఆగి పది అంగుళాల పెనం కొన్నాం. కొత్తగా ఉన్నప్పుడు దానిలో వారానికొకసారి కొవ్వు పెట్టిన వంట ఏదో ఒకటి చెయ్యమనీ, సబ్బుతో తోమి నీళ్లలో నానబెట్టొద్దనీ ఫోన్లో చెప్తూ ఉండేది. నేను ఆ పెనంలో ఆమ్లెట్లూ, అమ్మ వచ్చినప్పుడు దిబ్బరొట్టెలూ కూడా కాల్చాను. ఆ మాట చెప్తే దిబ్బరొట్టె ఎంత మందాన ఉంటుంది, లోపల ఉడుకుతుందా అని అడిగి తెలుసుకుంది. ఆవిడ 2015లో పోయింది. చివరి ఏళ్లలో నిలబడలేక వంటింట్లో కుర్చీ వేసుకుని, మనవరాలితో చేయించేదని విన్నాను.

మా పిల్లలిద్దరూ డాలస్‌లోనే పుట్టారు. వాళ్లకి శనివారం పొద్దున అంటే బిస్కట్లే. పెద్దాడికి సాసేజ్ గ్రేవీ, చిన్నదానికి వెన్న గ్రేవీ, మా ఆయనకి రెండూ కలిపి, పైన పచ్చిమిరపకాయ ముక్కలు. మ్యామా ఉంటే ఆ పచ్చిమిరప కూడా రుచి చూసేది. పోయినసారి తెనాలి వెళ్లినప్పుడు అమ్మ ఓవెన్లో మైదాతో చేశాను. మన మైదా కాస్త సాగుతుంది కాబట్టి కప్పుకి రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపాను, కొవ్వు బదులు చల్లటి వెన్న, బటర్‌మిల్క్ బదులు చిలికిన పెరుగు. గ్రేవీకి కోడి కీమా, మిరియాలు, చిటికెడు ఎండుమిరప గింజలు. సేజ్ దొరకలేదు, వెయ్యలేదు. మా బాబాయి మూడు తిని, ఇది రాత్రి భోజనానికి కూడా బాగుంటుందన్నాడు.

చేసుకుందామనుకునేవాళ్ల కోసం లెక్క కూడా రాసేస్తున్నాను. బేసిన లేనివాళ్లకి కప్పులు తప్పవు. రెండు కప్పుల మెత్తటి పిండి; ఉప్పు, పొంగించే పొడి కలపని పిండైతే మూడు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా. పావు కప్పు చల్లటి కొవ్వో వెన్నో. ముప్పావు కప్పు బటర్‌మిల్క్, ముద్ద పొడిగా అనిపిస్తే ఇంకో రెండు చెంచాలు. గ్రేవీకి అరకిలోకి కాస్త తక్కువ సాసేజ్, పావు కప్పు పిండి, మూడు కప్పుల చిక్కటి పాలు. మాంసం తిననివాళ్లు సాసేజ్ మానేసి పావు కప్పు వెన్నతో మొదలుపెట్టండి. బిస్కట్లు ఓవెన్లో పెట్టాకే గ్రేవీ మొదలుపెట్టండి, రెండూ ఒకేసారి అవుతాయి. గ్రేవీని మీరు కోరుకున్నదాని కంటే కొంచెం పలచగా ఉండగానే పొయ్యి ఆపెయ్యండి, బల్ల మీదకి వచ్చేసరికి అది చిక్కబడుతుంది. మరీ గట్టిపడితే రెండు చెంచాల వేడి పాలు పోసి కలిపితే సరి.